పెదవుల మీద కనబడనిది

మార్చి 4

మామయ్యకు,

నమస్కారాలు. ఫోన్ చెయ్యడం లేదని అలిగావట, మీ అల్లుడు చెప్పారు. అలగకు. ఫోన్లో నీ గొంతు నాకు రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు వినిపిస్తుంది. నువ్వేమో ఫోన్లో అక్షరాలు నొక్కడం నా వల్ల కాదంటావు. ఇక మనిద్దరికీ ఈ కాగితమే గతి.

మా కొట్టు సంగతి రాస్తాను. ముందు గదిలో బట్టలు తీసుకునే బల్ల. వెనక గదిలో ఉతికే మిషన్లు, మూడు ఇస్త్రీ బల్లలు. మేడ మీద మా కాపురం. ప్రతి చొక్కా కాలరుకూ నంబరు వేసిన గుడ్డముక్క పిన్నుతో గుచ్చాలి. అత్తగారికి అంకెలు తప్ప చదువు రాదు. నాకా, ఇక్కడి లిపి ఇంకా పట్టుబడలేదు. కాని ఆవిడ ఇస్త్రీ చేసి మడిచిన చొక్కా చూడాలి నువ్వు, కొత్త పుస్తకంలా ఉంటుంది. నేను చేసింది అదే పుస్తకాన్ని వానలో తడిపినట్టుంటుంది.

మీ అల్లుడు రేవు పట్నంలో ఏదో పెద్ద భవనానికి లిఫ్టులు బిగిస్తున్నారు. నెలకోసారి వస్తారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి "దయచేసి తలుపులకు దూరంగా నిలబడండి" అంటారు. మన ఊళ్ళో పని చేసినప్పుడు లిఫ్టులో రికార్డు పెట్టిన మాటలు విని, గోడల మీది బోర్డులు చదివి తెలుగు నేర్చుకున్న మనిషి మరి!

ఇక అసలు సంగతి. ఆయన దగ్గర వాళ్ళ భాష నేర్చుకున్నాను కదా, పెదవులు చూస్తూ, కుడిచెవిలో మిషనుతో వింటూ. వచ్చేసిందనే అనుకున్నాను. ఇక్కడికొచ్చాక గాని తెలియలేదు. మన దగ్గర "రా" అంటే రమ్మనడమే. కోపంగా అన్నా, గారంగా అన్నా, ఏడుస్తూ అన్నా రమ్మనే. ఇక్కడ అలా కాదు. ఒకే మాట గొంతు పైకెత్తి అంటే ఒక అర్థం, కిందికి దించితే ఇంకొకటి, దించి లేపితే మూడోది. ఆ ఎత్తుపల్లాలు పెదవుల మీద కనబడవు. నా మిషనుకేమో అంతుపట్టవు. అక్షరాలన్నీ తెస్తుంది గాని మాటలకు ఇస్త్రీ చేసి మరీ తెస్తుంది. ముడతలన్నీ పోతాయి. ఇక్కడివాళ్ళ అర్థమంతా ఆ ముడతల్లోనే ఉంది.

మొన్న ఒక పెద్దమనిషి పైజమాలు తెచ్చి ఏదో అన్నాడు. గంజి పెట్టమన్నాడనుకున్నాను. వద్దన్నాడట. సాయంత్రం వచ్చి తీసి చూస్తే ఆ పైజమా ఆయన సాయం లేకుండా నిలబడింది! కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను?

అమ్మ మోకాలు ఎలా ఉంది? నీ కళ్ళద్దాల కొట్టు ఎలా నడుస్తోంది?

నీ
చిట్టి


మార్చి 19

చిట్టికి,

మామయ్య ఆశీస్సులు. ఉత్తరం మీ అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. పైజమా దగ్గర మూడోసారి కూడా చదవమంది. మోకాలు ఎప్పటిలాగే ఉంది, అది గాని తగ్గితే తనకు మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

నాకు ఒకటే అనుమానం. నీ మిషను పాడయి ఉంటుంది. ఇన్నేళ్ళూ మన మాటలు వినిపించిన మిషను ఇప్పుడు కొత్తగా మొరాయించడం ఏమిటి? ఇక్కడి డాక్టరు దగ్గర కొత్త బ్యాటరీలు తీసుకుని పంపుతున్నాను. తీగ కూడా మార్చించు. మాటకు రాగం ఉంటే ఉండనీ, వినే చెవి గట్టిదైతే రాగం ఎక్కడికి పోతుంది?

మొన్న ఒకావిడ కొట్టుకొచ్చి, ఈ అద్దాలు పెట్టుకుంటే మా ఆయన ముసలివాడిలా కనిపిస్తున్నాడు, మార్చివ్వమని గొడవ. అద్దాలు సరిగ్గానే ఉన్నాయమ్మా అని చెప్పడానికి నాకు గంట పట్టింది.

ఒక్క మాట చెబుతాను విను. ఏడేళ్ళప్పుడు జ్వరంలో నీ రెండు చెవులూ పోయినప్పుడు నువ్వు చేసిన పని నోరు మూసుకోవడం. ఆపరేషను చేసి మిషను పెట్టించాక కూడా ఎన్నాళ్ళో పెదవి విప్పలేదు. సైకిలు మీద మాటల టీచరు దగ్గరికి తిప్పి తిప్పి నిన్ను వాగుడుకాయను చేశాను. ఇప్పుడు మళ్ళీ ఎవరో నవ్వారని నోరు కట్టేసుకుంటే ఒప్పుకోను. తప్పయితే తప్పే కానీ మాట్లాడు. ముందు మీ అత్తగారితో మాట్లాడు. మంచి మాట ఏ రాగంలో అన్నా మంచి మాటే.

ఉంటాను.

మామయ్య


ఏప్రిల్ 6

మామయ్యకు,

బ్యాటరీలు అందాయి. మిషను బాగానే ఉంది మామయ్యా, పాడయిందేమీ లేదు. అది చెయ్యగలిగింది అంతే. నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

నువ్వు చెప్పావని మాట్లాడాను. ఆ రోజు ఏదో హోటలు దుప్పట్లు ఒక్కసారే వచ్చి పడ్డాయి. అత్తగారు నిలువుకాళ్ళ మీద ఉండి ఇస్త్రీ చేస్తూనే ఉన్నారు. నుదుటి మీద చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోవడం లేదు. నేను స్టూలు జరిపి, రెండు రోజులుగా మనసులో వల్లె వేసుకున్న వాక్యం అన్నాను. "మీరు అలిసిపోయారు, కూర్చోండి." అంతే. ఆవిడ నా ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయారు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మేడ మీదికి వెళ్ళిపోయారు. ఆ పూట భోజనానికి కూడా దిగలేదు.

మర్నాటి నుంచి నాతో మాటల్లేవు. వేలితో చూపిస్తారు, అంతే. వారం తిరక్కుండానే పక్కింటావిడ కూతుర్ని తెచ్చి ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నన్ను వెనక గదిలోకి మార్చారు. రోజూ ఉదయం ఆవిడ చేతిసంచి తగిలించుకుని ఎక్కడికో వెళ్ళి మధ్యాహ్నానికి వస్తారు. ఎక్కడికని అడిగే ధైర్యం నాకు లేదు. అడిగినా ఏ మాట నోట్లోంచి ఏమై బయటికి పోతుందో.

నిన్న వెనక గదిలోకి వచ్చి, తడి చేత్తోనే నా మణికట్టు పట్టుకున్నారు. కళ్ళలోకి చూస్తూ ఒకే ఒక్క మాట అన్నారు. ఆ మాటకు రెండు అర్థాలు. గొంతు ఎత్తితే ఒకటి, దించితే ఒకటి. దించితే "వెళ్ళు" అని. మామయ్యా, ముఖం అంత గంభీరంగా పెట్టి, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, ఉతికే మిషన్ల హోరులో మనిషి ఇంకేమంటుంది? తల కొట్టేసినట్టయింది. నేను తలూపాను. ఆవిడ మళ్ళీ మళ్ళీ అదే మాట అని, నేను తలూపుతూనే ఉంటే చెయ్యి వదిలి వెళ్ళిపోయారు.

మీ అల్లుడికి చెప్పొద్దు. తల్లికీ పెళ్ళానికీ మధ్య ఆయన్ని నిలబెట్టడం నాకిష్టం లేదు. పెట్టె సర్దుకుంటున్నాను. అమ్మకు మాత్రం ఊరికే చూడాలనిపించి వస్తున్నానని చెప్పు.

చిట్టి


ఏప్రిల్ 20

తల్లీ,

ఉత్తరం చదివాక నా ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు కొట్టు తియ్యలేదు.

ఏమనుకుంటోంది ఆవిడ? నీ వెనక ఎవరూ లేరనుకుంటోందా? నీ గదిలో సామాను తీయించి వెల్ల వేయించాను. కిటికీకి కొత్త రెక్కలు పెట్టించాను. నువ్వు ఎప్పుడొచ్చినా, ఎన్నాళ్ళున్నా అది నీ గదే. అల్లుడికి చెప్పొద్దన్నావు గాని ఆ మాట నేను పాటించలేదు. అతనికి ఒక ఉత్తరం రాశాను. ఆవిడకు విడిగా ఇంకొకటి రాశాను. నాకు వచ్చిన భాషలోనే రాశాను, ఎవరి చేత చదివించుకుంటుందో చదివించుకోనీ. "మా పిల్లను రాచి రంపాన పెడుతున్నారు, చెవులు వినబడవని చులకనా" అని కడిగి పారేశాను.

మీ అమ్మకు నిజం చెప్పక తప్పలేదు. నేను గదికి వెల్ల వేయిస్తుంటే గుమ్మంలో కూర్చుని అంతా రాబట్టింది. అప్పటినుంచి నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. "ఆవిడేమన్నదో ఇంకోసారి అడగమనరా, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని ఎవరైనా పొమ్మంటారా" అంటుంది. నీకు లోకం తెలియదక్కా అన్నాను. కోపమొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు లేరా? నాకే వచ్చాయి మొన్న.

టిక్కెట్టు తీసుకుని ఏ రోజు వచ్చేదీ రాయి. స్టేషనుకు నేనే వస్తాను.

మామయ్య


మే 5

మామయ్యకు,

నమస్కారాలు. స్టేషనుకు రావద్దు. కూర్చుని తాపీగా చదువు. అమ్మకు కూడా వినిపించు.

నేను బయలుదేరాల్సిన రోజుకు ముందే నీ ఉత్తరాలు వచ్చాయి. మీ అల్లుడు తన ఉత్తరం చేతిలో పట్టుకునే రేవు నుంచి పరిగెత్తుకొచ్చారు. అత్తగారు తనకొచ్చిన కవరు విప్పకుండా అద్దం ముందు నిలబెట్టి ఉంచారు. వియ్యాలవారి దగ్గర్నుంచి వచ్చిన మొదటి ఉత్తరం కదా! కొడుకు రాగానే చీర మార్చుకుని వచ్చి కుర్చీలో కూర్చుని, చదవమన్నారు.

ఆయన మొదటి వాక్యం చదివి తల గీరుకున్నారు. నావైపు తిరిగి తెలుగులో అడిగారు.

"రాచి రంపాన అంటే ఏమిటి? మీ మామయ్య వడ్రంగి పని కూడా చేస్తారా?"

నేను నేల చూపులు చూశాను. ఆయన కాసేపు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వాళ్ళమ్మకు ఏదో చెప్పారు. ఆవిడ ముఖం వికసించింది. తరవాత అడిగితే అన్నారు: "మా పిల్ల మీ ఇంటికి వచ్చింది. జాగ్రత్తగా చూసుకోండి, మీ ఆరోగ్యం కూడా చూసుకోండి అని రాశారని చెప్పాను. అందులో ఉన్నది అదే కదా?" నిజంగా అర్థం కాక అన్నారో, అర్థమయ్యే అన్నారో ఇప్పటికీ చెప్పరు.

తరవాత ఆయన నా పెట్టె చూశారు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, "తలుపులు తెరుచుకొనుచున్నవి, చెప్పండి" అన్నారు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. ఏం జరిగిందో ముక్క ముక్కగా చెప్పాను. ఆయన తల్లికి చెబుతుంటే ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

ఆ రోజు నేను "అలిసిపోయారు" అనలేదట మామయ్యా. అదే మాట, గొంతు తప్పింది. "మీ పని అయిపోయింది, ఇక కూర్చోండి" అన్నట్టు వచ్చిందట. ముప్పై ఏళ్ళ నుంచి ఆ కొట్టు తన చేతుల మీద నడిపిన మనిషితో! నేను ఇక్కడ ఉండలేక, ఆవిడ అంటే విసిగిపోయి అలా అన్నాననుకున్నారట. అయినా పల్లెత్తు మాట అనలేదు. గంజి గొడవ తరవాత కొట్లోవాళ్ళు నేను వెనక్కి తిరగగానే నన్ను వెక్కిరించేవాళ్ళట. నాకేం వినబడుతుంది? ఆవిడకు వినబడింది. అందుకే నన్ను లోపలికి మార్చారు. పక్కింటి పిల్లను పెట్టింది నా బదులు కాదు, తన బదులు. ఉదయం పూట ఆవిడ వెళుతున్నది చెవి ఆసుపత్రికి. కోడలితో ఎలా మాట్లాడాలో నేర్పమని అక్కడి డాక్టరమ్మ గది ముందు బెంచీ మీద కూర్చునేవారట. కోడల్ని తీసుకురాకుండా ఎలాగమ్మా అని డాక్టరమ్మ అంటే, ముందు నాకు నేర్పండి, దాన్ని తరవాత తెస్తాను అన్నారట. అక్కడివాళ్ళే ఊరికే మాట్లాడొద్దు, మొదట్లో చేత్తో చూపించు, ముఖం కనబడేలా నిలబడు, ఒక్కొక్క మాటే అను అని చెప్పారట. వేలితో చూపించడం అలిగి కాదు!

ఇక ఆ ఒక్క మాట. "ఉండు" అన్నారట. ఉండు, ఉండు, ఉండు అని. నేనేమో ప్రతిసారీ తలూపి, ఆ తరవాత పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను. ఉండమంటే తలూపి మరీ వెళ్ళిపోతోంది, ఇదేం పిల్ల అని ఆవిడ మేడ మీద ఒక్కరే ఏడ్చారట.

మర్నాడు ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ చాలాసేపు పరీక్షలు చేశారు. నా మిషను మాటల్ని పోల్చుకోవడానికి పుట్టింది గాని గొంతు ఎత్తుపల్లాలు పట్టుకోవడం దానికి కష్టమేనట. ఇక్కడ పుట్టి, పసితనంలోనే మిషను పెట్టించుకున్న పిల్లలకే తడబాటు తప్పదట. నా తప్పేమీ లేదని ఆవిడ అన్నప్పుడు అత్తగారు నాకంటే ముందు ఊపిరి పీల్చుకున్నారు. అయితే దారి బొత్తిగా లేకపోలేదట. కొన్ని గొంతులు పొడుగ్గా సాగుతాయి, కొన్ని టక్కున తెగిపోతాయి, ఆ తేడా నా మిషనుకూ తెలుస్తుంది. ఇంకొకటి. ఆపరేషను చెయ్యని నా ఎడమచెవిలో మంద్రమైన బొంగురు శబ్దాలు వినే శక్తి కొద్దిగా మిగిలే ఉందట. గొంతు ఎత్తుపల్లాలు ముందుగా ఆ బొంగురులోనే ఉంటాయట! ఆ చెవికి మామూలు వినికిడి మిషను పెట్టి, రెండు చెవులతో కలిపి వింటే మేలు జరగొచ్చన్నారు. చిన్నప్పుడు ఎడమచెవికి పెట్టుకుని, గుయ్యిమంటోందని విసిరికొట్టిన పాత మిషను ఉండాలి కదా. ముందు దానితో ఏమైనా తెలుస్తుందేమో చూస్తారట. అమ్మనడిగి పంపు.

నీ మీద నాకేం కోపం లేదు. నీకంటే ముందు తొందరపడింది నేనే కదా.

చిట్టి


మే 22

చిట్టికి,

ఆశీస్సులు. ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు పాడుచేశాను. ఇది ఐదోది, దీన్ని మాత్రం చింపకుండా పంపాలని మీ అమ్మ ఎదురుగా కూర్చుంది.

నువ్వు రాసింది చదువుతుంటే మీ అమ్మ ఎంత నవ్విందంటే మోకాలు నొప్పి సంగతి ఆ పూటకు మరచిపోయింది. "లోకం తెలియనిదాన్ని కదరా నేను" అని ఇప్పటికి ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు. పడతాను, పడక చస్తానా.

పాత మిషను బీరువాలో పాత స్వెటర్ల కింద దొరికింది. శుభ్రం చేయించి పంపుతున్నాను. చెవిలో పెట్టే అచ్చు నీ చిన్నప్పటిది, ఇప్పుడు పట్టదు, అక్కడ కొత్తది చేయించుకోవాలని డాక్టరు చెప్పాడు. ఒక సంగతి అడుగుతాను, నవ్వకు. ఆయన దగ్గర కూర్చుని ఈ గొంతు ఎత్తుపల్లాల సంగతి అంతా చెప్పించుకున్నాను. చెప్పిందంతా విని, మరి మా మాటలన్నీ కూడా మా పిల్లకు చప్పగానే వినిపించాయా డాక్టరుగారూ అన్నాను. సైకిలు మీద నిన్ను తీసుకెళుతూ నేను రోజూ పాటలు పాడేవాణ్ణి కదా. చప్పగా ఉన్నా మనిషి గొంతు మనిషి గొంతే అన్నాడాయన. నువ్వేమంటావో రాయి.

మీ అత్తగారికి వేరే ఉత్తరం పెట్టాను. ఈసారి వడ్రంగి పని ఏమీ లేదు. అల్లుణ్ణి ఉన్నది ఉన్నట్టు చదవమను. ఒకటి రెండు చోట్ల నా తెలుగు కాస్త తడబడి ఉంటుంది. ఆవిడ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నదని చదివినప్పటి నుంచి నాకు ఆవిడంటే భయమూ గౌరవమూ రెండూ కలిగాయి. వియ్యపురాలు అనాలో వదినగారు అనాలో తేల్చుకోలేక, మీ అమ్మ చెప్పిందని వదినగారూ అనే రాశాను.

ఆ గదికి వేసిన వెల్ల ఎలాగూ ఉంది. మీరు ముగ్గురూ ఎప్పుడైనా వచ్చిపోండి.

మామయ్య


ఆగస్టు 2

మామయ్యకు,

నమస్కారాలు. ఆలస్యం చేసినందుకు తిట్టుకుంటున్నావని తెలుసు. ఏదో ఒకటి తేలాక రాద్దామనుకున్నాను.

ముందు నీ ప్రశ్న. నీ పాటలు నాకు పాటల్లా వినిపించేవి కావు, నిజమే చెబుతున్నాను. కాని వెనక కూర్చుని నీ వీపుకు చెంప ఆనించేదాన్ని కదా, పాటంతా అక్కడ గుమ్మని మోగేది. అది ఏ రాగమో తెలియదు గాని నాకు చాలా ఇష్టంగా ఉండేది. అందుకే దారి అయిపోయినా దిగేదాన్ని కాదు.

అత్తగారు నీ ఉత్తరాన్ని ఉన్నది ఉన్నట్టు చదివించుకున్నారు. "ఈయన ముందు ఉత్తరం కూడా ఇంత బాగానే రాశాడు" అన్నారు. మేమిద్దరం గోడ వంక చూశాం.

ఎడమచెవికి కొత్త అచ్చు చేయించుకుని పాత మిషను తగిలించాను. మొదటి వారం తల పగిలిపోయింది. ఆ చెవిలో మాటలేమీ ఉండవు, దూరంగా లారీ వెళుతున్నట్టు ఒక మోత, అంతే. తీసేస్తానని రోజూ అనుకునేదాన్ని. అత్తగారు ఒప్పుకోలేదు. ఉదయం కొట్టు తియ్యకముందు ఇస్త్రీ బల్లకు చెరోవైపూ కూర్చుంటాం. ఆవిడ నోటికి అడ్డంగా రుమాలు పట్టుకుని ఒక మాట అంటారు, అది ఏ గొంతో నేను చెప్పాలి. ఆవిడకు టీచరు పని అస్సలు చేతకాదు మామయ్యా. నేను తప్పు చెప్పబోతుంటే రుమాలు వెనక నుంచే తల అడ్డంగా ఊపేస్తారు! కొన్నాళ్ళకు ఆ మోత ఒకే తీరుగా లేదని తెలిసింది. కొన్నిసార్లు పైకి ఎగబాకుతుంది, కొన్నిసార్లు జారుతుంది. ఒక్క ఎడమచెవితో వింటే ఏమీ తెలియదు, కుడిచెవి ఒక్కదానితో వింటే మాట తెలుస్తుంది గాని అర్థం రెండుగా చీలుతుంది. రెండూ కలిస్తే ఒక్కోసారి, ఒక్కోసారే, ఒకటవుతుంది.

గొప్పలు చెప్పను. ఇప్పటికీ సగం తప్పులే. గోలగా ఉన్నచోట ఏమీ పట్టుకోలేను. డాక్టరమ్మ కూడా పూర్తిగా వస్తుందని ఆశ పెట్టలేదు. అయితే ఇప్పుడు తెలియనప్పుడు తలూపడం మానేశాను. "ఏదీ, పైకా కిందికా?" అని చేత్తో చూపిస్తూ అడుగుతాను. బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా అలవాటుపడి చేతులు ఎత్తుతూ దించుతూ మాట్లాడుతున్నారు. బయటి నుంచి చూసేవాళ్ళకు మా కొట్లో అందరూ ఈత కొడుతున్నట్టుంటుంది.

నిన్న జరిగింది చెబుతాను. నేను ముందు గదిలో చొక్కాలకు నంబర్లు గుచ్చుతున్నాను. అత్తగారు వెనక గదిలో, తెర అవతల, ఎవరిదో నల్లకోటు కుడుతున్నారు. ఆవిడ ముఖం నాకు కనబడదు. నేను ఎదురుచూడటం లేదు, చెవులు రిక్కించుకునీ లేను. తెర వెనక నుంచి ఆవిడ ఒక మాట అన్నారు. ఇక్కడ గుండీకీ దారానికీ మాట ఒకటే, గొంతు వేరు. నేను చేతిలో పని ఆపి, సొరుగు లాగి, నల్లదారం తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆవిడ చెయ్యి చాచి అందుకున్నారు. సూదిలోకి ఎక్కించి, కుట్టుకుంటూ పోయారు. తలెత్తి చూడలేదు. ఒక్క మాట మెచ్చుకోలేదు. దారం అడిగితే దారం తెచ్చిన ఏ కోడలినైనా ఎందుకు మెచ్చుకుంటారు?

నేను తిరిగి వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాను. పిన్ను ఎక్కడ గుచ్చాలో కాసేపు కనబడలేదు.

అమ్మకు చెప్పు.

నీ
చిట్టి